ఎండు చెంబు

వనపర్తిలో నేను పాఠాలు చెప్పే డిగ్రీ కాలేజీలో ప్రాక్టికల్స్ గది కిటికీలన్నీ పడమరకే ఉంటాయి. మధ్యాహ్నం బ్యాచ్ అంటే ఎండతో కుస్తీ. మొన్న ఒక అమ్మాయికి పిపెట్ ఇచ్చి, నింపబోయే ద్రావణంతోనే దాన్ని కడగాలని, ఆ తర్వాత నీళ్ళు తగలనివ్వకూడదని రెండుసార్లు చెప్పాను. తల ఊపింది. ద్రావణంతో చక్కగా కడిగింది కూడా. నేను పక్క బల్ల వైపు తిరిగి మళ్ళీ ఇటు చూసేసరికి, డిస్టిల్డ్ వాటర్ సీసా ఎత్తి పిపెట్‌లోకి ఇన్ని నీళ్ళు చిమ్మి, చేతిలో ఒక తిప్పు తిప్పి, పారబోసి, అప్పుడు ద్రావణం తీసుకుంటోంది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పిల్లలు నా వెనక ఏ పేరు పెట్టుకున్నారో కూడా తెలుసు, బాగానే పెట్టారు. ఆ రోజు మాత్రం తెరిచిన నోరు మూసేశాను. ఆ చెయ్యి తిప్పడం నాకు తెలుసు. ఏ ఊరని అడిగితే మా అయిజ పక్కనేనని చెప్పింది. అడగకపోయినా సరిపోయేది.

అదే తిప్పుతో నేను ఒకప్పుడు ఒక మనిషి ఉద్యోగానికి ఎసరు పెట్టాను. ఆ సంగతి ఇన్నేళ్ళలో క్లాసులో ఎవరికీ చెప్పలేదు. ఆ అమ్మాయిని చూశాక రాసుకోవాలనిపించింది.

పీహెచ్‌డీకి నేను హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో చేరాను. మా గైడ్ నీళ్ళ మీద పనిచేసేవారు. నీళ్ళ మీద అంటే చెరువుల మీదో, బోర్ల మీదో కాదు, ఒక్క నీటిచుక్క లోపల ఏం జరుగుతుందన్నదాని మీద. ఇంటి దగ్గర ఈ సంగతి చెప్పడానికి నానా తంటాలు పడ్డాను. సెలవులకు వెళ్తే మా పక్కింటాయన తన చేనుకు రమ్మని, ఎక్కడ బోరు వేస్తే నీళ్ళు పడతాయో చూపించమన్నాడు. నాకు తెలియదంటే నమ్మలేదు. చదువుకున్న పిల్ల బెట్టు చేస్తోందని నాలుగిళ్ళలో చెప్పుకున్నాడు.

నిజానికి మా పని ఇది. నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఆ పట్టును హైడ్రోజన్ బంధం అంటారు. అది ఉడుం పట్టు కాదు. వదులుతుంది, పక్కనున్న ఇంకోదాన్ని అందుకుంటుంది. సెకనును లక్ష కోట్ల ముక్కలు చేస్తే, అందులో ఒకటి రెండు ముక్కల్లో ఈ వదలడమూ అందుకోవడమూ అయిపోతాయి. ఏ గడియారానికీ అంత చిన్న కాలం అందదు. అందుకే లేజర్‌తో చూస్తాం. కంటికి కనిపించని పరారుణ కాంతిని, ఆ ముక్క కంటే చిన్న తునకలుగా చేసి పంపుతాం. మొదటి తునక వెళ్ళి అణువును తట్టి లేపుతుంది. రెండోది కాస్త ఆలస్యంగా వెళ్ళి, లేచిన అణువు ఎటు తిరిగిందో, ఇప్పుడు ఎవరిని పట్టుకుందో చూసి వస్తుంది. ఆలస్యం ఎలా చేయిస్తామంటే, రెండో తునక దారిలో ఉన్న అద్దాన్ని వెనక్కి జరుపుతాం. రెండు వెంట్రుకల మందం జరిపితే ఒక ముక్క కాలం ఆలస్యమవుతుంది. ఎవరైనా తలుపు దబాలున వేశారంటే ఆ పూట పని గంగలో కలిసినట్టే.

ఒట్టి మామూలు నీళ్ళతో ఇది కుదరదు. అయిజ సంతలో అందరూ ఒకేసారి బేరమాడుతుంటే ఒక్కరి మాట వినపడదు కదా, అట్లాగే అన్ని అణువులూ ఒకే గొంతుతో మాట్లాడతాయి. అందుకని భారజలం, అంటే హైడ్రోజన్ కాస్త బరువుగా ఉండే నీళ్ళు, తీసుకుని అందులో మామూలు నీళ్ళు కొద్దిగా కలుపుతాం. భారజలం గొంతు వేరు కాబట్టి, ఆ కొద్దిపాటి మామూలు నీటి మాట విడిగా వినపడుతుంది. పాళ్ళు తప్పి మామూలు నీళ్ళు ఎక్కువయ్యాయంటే చిక్కే. తట్టి లేపిన అణువు తన కదలికను పక్కనున్న తనలాంటి అణువుకు అంటించేస్తుంది. అది తిరగకపోయినా తిరిగినట్టే మా కొలతలో కనిపిస్తుంది. ఇంతకు మించి ఈ శాస్త్రం ఇక్కడ అక్కరలేదు.

ఆ లేజర్ గదిలో మాకొక సహాయకుడు ఉండేవాడు. నాగర్‌కర్నూల్ పక్క ఊరివాడు, యాభై దాటిన మనిషి, పదకొండేళ్ళుగా కాంట్రాక్టు మీద అక్కడే పనిచేస్తున్నాడు. లేజర్‌ను చల్లబరిచే యంత్రాన్ని చూసుకోవడం, గాలిని పొడిగా ఉంచే నైట్రోజన్ సిలిండర్లు మార్చడం, బీరువాలోంచి భారజలం సీసా తీసి చిన్న సీసాల్లోకి పోసి ఇవ్వడం ఆయన పనులు. సార్ ముందు నన్ను మేడం అనేవాడు. సార్ అటు పోగానే బిడ్డా అనేవాడు. నేను కాకా అనేదాన్ని. వాళ్ళకు తక్కువైనా సొంత భూమి ఉంది. మేము ఎవరి చేను పిలిస్తే ఆ చేనుకు కూలికి పోయేవాళ్ళం. ఊళ్ళో అయితే మా మధ్య ఇంత చనువు కుదిరేది కాదు. లేజర్ గదిలో కుదిరింది.

ఒకరోజు అద్దాలు తుడుస్తుంటే అడిగాడు. "రోజు ఆ నీళ్ళల్ల ఏం సూస్తుండ్రు బిడ్డా?"

"ఒకదాన్నొకటి పట్టుకుంటయి కాకా. మల్ల ఇడుస్తయి. ఎంతసేపటికి ఇడుస్తయో సూస్తున్నం."

"ఇడవకుంటె ఏమైతది?"

"గడ్డ కడ్తది."

"గంతే గద మరి. ఇడిస్తెనే నీళ్ళు. పట్టుకోని కూసుంటె రాయి," అని సిలిండర్ దొర్లించుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ మాట నేను సార్‌కు చెబితే ఆయన క్లాసులో వాడుకున్నారు. ఎవరన్నారో మాత్రం చెప్పలేదు.

మూడో ఏడాది వానాకాలంలో చిక్కు మొదలైంది. అంతవరకు నమూనాలు నింపే పని మా సీనియర్ చేసేవాడు. అతని థీసిస్ అయిపోయి వెళ్ళిపోయాక అది నా చేతికి వచ్చింది. ఈ సంగతి ఆ రోజుల్లో ఎవరమైనా గుర్తుపెట్టుకుని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

పొద్దున ఆరింటికి లేజర్ వేసి, అది నిలకడకు వచ్చాక కొలతలు మొదలుపెట్టేవాళ్ళం. నమూనా అంటే రూపాయి బిళ్ళంత రెండు పారదర్శకమైన పలకలు, వాటి మధ్య వెంట్రుక కంటే సన్నని సందు. ఆ సందులోకి చిన్న సిరంజితో చుక్క ఎక్కించాలి. నేను నింపిన మొదటి వారం ఫలితం చూసి గంతులేశాను. ఇంతవరకు ప్రపంచంలో అందరూ చెప్పినదాని కంటే నా నీళ్ళలో బంధాలు వేగంగా తిరుగుతున్నాయి! సార్ గంతులేయలేదు. "మళ్ళీ చెయ్యి," అన్నారు. మళ్ళీ చేస్తే ఇంకో వేగం వచ్చింది. మూడోసారి మూడో వేగం. సార్ నా నమూనా పట్టుకెళ్ళి వేరే యంత్రంలో పెట్టి చూసి, "ఇందులో ఉండాల్సిన దానికంటే మామూలు నీళ్ళు ఎక్కువున్నాయి. ఎక్కడి నుంచో వస్తున్నాయి," అన్నారు.

వానాకాలం గాలిలో తేమ ఎక్కువ. భారజలం సీసా మూత వదులుగా ఉంటే ఆ తేమ లోపలికి చేరుతుంది. అందుకే సార్ మొదట అడిగిన మాట, "సీసా ఎవరు తెరుస్తున్నారు?"

"కాక సార్. కాకే తెరిచి మూత పెడతాడు," అన్నాను.

అబద్ధం కాదు. అడిగిన దానికి జవాబే. కానీ ఆ జవాబులో ఒక తొందర ఉంది. సార్ నా చేతుల వైపు చూడకముందే ఇంకొకరి చేతులు చూపించాలన్న తొందర. దాన్ని నేను ఆ క్షణానే గుర్తుపట్టాను. పట్టనట్టు ఊరుకున్నాను.

సార్ తొందరపడే మనిషి కాదు. సీసాలో ఉన్నదాన్నే నేరుగా పరీక్షించమన్నారు. నేనే పరీక్షించాను. మామూలు నీళ్ళు ఎక్కువగానే కనిపించాయి. కొత్త సీసా తెప్పించారు. కాక సీలు తీసి, కావలసినంత పోసి, మూత బిగించి లోపల పెట్టాడు. రెండు రోజుల తర్వాత దాన్నీ నేనే పరీక్షించాను. అందులోనూ అదే కథ.

కాకను పిలిచి అడిగారు. "గట్టిగనే పెట్టిన సార్. బట్ట చుట్టి మరీ తిప్పిన," అన్నాడు. అంతకు మించి వాదించలేదు. సార్ కూడా గొంతు పెంచలేదు. ఇది రెండోసారని, ఆరు వారాల పని మట్టికొట్టుకుపోయిందని మాత్రం అన్నారు. నెలాఖరుకు కాక కాంట్రాక్టు పొడిగించే కాగితం సార్ బల్ల మీదికి వస్తుంది. ఈసారి సంతకం పెట్టనని ఆఫీసులో చెప్పేశారు. కాక మిగిలిన సెలవులు పెట్టుకుని ఊరికి పోయాడు. పోయే ముందు ఏ సిలిండర్ నిండుగా ఉందో, ఏది సగముందో సుద్దముక్కతో వాటి మీదే రాసి పెట్టాడు.

నాకు బాధ కలిగింది. కానీ నిజం చెప్పాలి కదా, బాధ కంటే ముందు హమ్మయ్య అనుకున్నాను. తప్పు ఎక్కడుందో తేలింది, ఇక నా థీసిస్ దారిన పడుతుందనుకున్నాను.

నాలుగు రోజులు ఇంటికి పోయి వద్దామని బయల్దేరాను. బస్సు కొత్తకోటలో ఆగినప్పుడు టీ తాగాను, ఆ తర్వాత గద్వాల వచ్చేదాకా నిద్రపోయాను. అంత నిశ్చింతగా ఉన్నాను.

అది సీడు పత్తి పని మీదున్న కాలం. మా వైపు చాలామంది పత్తిని విత్తనం కోసం పండిస్తారు. సాయంత్రం పూట రేపు విచ్చే మొగ్గలను ఏరి గోటితో ఒలిచి పెట్టాలి. పొద్దున మగపువ్వులు తెచ్చి ఒక్కొక్క దానికీ రుద్దాలి. ఒక్క మొగ్గ తప్పినా రైతు ఊరుకోడు. మా అమ్మకు ఈ పనిలో పెట్టింది పేరు. ఏ మొగ్గ రేపు విచ్చుతుందో, ఏది ఎల్లుండికో నడుస్తూ నడుస్తూనే చెప్పేస్తుంది.

నేను వెళ్ళిన రెండో రోజు మధ్యాహ్నం ఊరి దవాఖాన నుంచి నర్సమ్మ వచ్చింది, అమ్మకు బీపీ మాత్రలిచ్చి పోవడానికి. మా ఊరికి కొత్త మనిషి. అమ్మ లోపలి నుంచి స్టీలు చెంబు తెచ్చింది. పొద్దున నేనే తోమి బోర్లించిన చెంబు, ఆరి తళతళలాడుతోంది. అమ్మ దాన్ని వాకిట్లో నర్సమ్మకు కనపడేటట్టు పట్టుకుని, బిందెలోంచి ఇన్ని నీళ్ళు పోసి, ఒక తిప్పు తిప్పి పారబోసింది. మళ్ళీ పోసి, మళ్ళీ తిప్పి పారబోసింది. మూడోసారి నిండుగా పోసి చేతికిచ్చింది. నర్సమ్మ గటగటా తాగేసి మాత్రలిచ్చి వెళ్ళిపోయింది.

"శుభ్రంగనే ఉండె గదమ్మా. పొద్దుగాలనే తోమిన," అన్నాను. కుళాయి రోజు విడిచి రోజు వచ్చే ఊళ్ళో రెండు సార్లు నీళ్ళు మట్టిపాలయ్యాయని నా విసుగు.

"ఎండు చెంబుతోని నీళ్ళియ్యద్దు," అంది అమ్మ.

పుట్టినప్పటి నుంచి వింటున్న మాటే. నేను గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాను. ఒడిలో ఉన్న నా కుడిచెయ్యి, అమ్మ చెయ్యి తిరిగినట్టే, దానంతటదే ఒక తిప్పు తిరిగింది. దాని వైపు చూశాను.

రోజూ పొద్దున లేజర్ గదిలో, కడిగి ఆరబెట్టి ఉంచిన సిరంజి తీసుకుంటాను. అందులోకి కొంచెం డిస్టిల్డ్ వాటర్ లాగుతాను. ఒక తిప్పు తిప్పి చిమ్మేస్తాను. అప్పుడు భారజలం లాగుతాను. ఇది నాకెవరూ నేర్పలేదు, ఎవరూ వద్దనలేదు. చేస్తున్నానని నాకే తెలియదు. ఎంత చిమ్మినా సూది మొదట్లో ఒక బొట్టు మిగిలిపోతుంది. చెంబెడు నీళ్ళలో బొట్టు ఒక లెక్క కాదు. నాలుగు చుక్కల భారజలంలో అది కొండంత. సీసాలను పరీక్షించింది కూడా అదే సిరంజితో, అదే చేత్తో. కాక మూత ఎంత గట్టిగా బిగించినా, నేను చేసిన ప్రతి పరీక్షా ఆయన్నే దోషిని చేసింది.

అమ్మ అట్లా ఎందుకు కడుగుతుందో చిన్నప్పుడు నాకు తెలియదు. పెద్దయ్యాక కూడా అడగలేదు, చూసి అర్థం చేసుకున్నాను. కూలికి పోయిన ఇళ్ళ ముందు దోసిలి పట్టి నీళ్ళు తాగిన మనిషి ఆమె. వాళ్ళు పైనుంచి పోసేవాళ్ళు, ఈమె వంగి తాగేది. చెంబు చేతికిచ్చేవాళ్ళు కాదు. మా ఇంటికి టీచరమ్మో, పేర్లు రాసుకునేవాళ్ళో వచ్చినప్పుడు, నీళ్ళు తాగుతారా, ఇప్పుడే తాగి వచ్చినమంటారా అని వాళ్ళ మొహాల వంక చూస్తూ నిలబడేది. అందుకే వాళ్ళ కళ్ళ ముందు కడిగేది. రెండుసార్లు కడిగాక కూడా వద్దంటే, ఇక అది చెంబు తప్పు కాదు. ఆ పట్టుదల మీదనే మేము పెరిగాము. దాన్ని చెడ్డ అలవాటనడానికి ఈ రోజుకూ నాకు నోరు రాదు.

సాయంత్రం దాకా తేలు కుట్టిన దొంగలాగా తిరిగాను. ఒక సులువైన దారి కనిపిస్తూనే ఉంది. తిరిగి వెళ్ళి, ఎవరికీ ఏమీ చెప్పకుండా, పొడి సిరంజితో నింపితే చాలు. కొలతలు సరిగ్గా వచ్చేస్తాయి. నన్ను అడిగేవారుండరు. అప్పుడు సార్ ఏమంటారో కూడా చెవుల్లో వినపడింది: "చూశావా, అతను వెళ్ళాడు, నీళ్ళు బాగుపడ్డాయి." నేను చాటుగా దిద్దుకున్న తప్పే కాక మీద ఆఖరి సాక్ష్యమవుతుంది. ఆ ఆలోచన నాకు వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

మర్నాడు పొద్దున అమ్మతో చేనుకు వెళ్ళాను. పక్క సాలులో నేనూ పువ్వులు రుద్దుతూ, తలెత్తకుండా చెప్పాను.

"అమ్మా, నా వల్ల ఒకాయన నౌకరి పోతుంది."

అమ్మ చేతులు ఆగలేదు. మొత్తం చెప్పించుకుంది. సిరంజి అంటే ఇంజెక్షన్ సూదేనా అని అడిగింది. అవునన్నాను. "చెంబు కడిగినట్టు దాన్ని కడిగిన. అండ్ల ఒక్క బొట్టు గూడ ఉండొద్దు."

"తెల్వక చేసినవ్ గద."

"కడుగుడు తెల్వక కడిగిన. ఆయన పేరు తెలిసే చెప్పిన."

అమ్మ అప్పుడు నిలబడింది. చేతిలో పువ్వు అట్లాగే ఉంది. "గదీ తప్పు," అంది. తర్వాత, "మీ సారుకు ఫోన్ చెయ్యి. గా కాక ఇల్లెక్కడ?"

"నాగర్‌కర్నూల్ దిక్కు."

"రేపు పోదం. నేను గూడ వస్త. కడుగుడు నేర్పింది నేనే గద," అని మళ్ళీ వంగింది.

గట్టు మీద నిలబడి సార్‌కు ఫోన్ చేశాను. తిడతారని గుండె రాయి చేసుకున్నాను. ఆయన తిట్టలేదు. సిరంజి ఏ సైజు, ఏ సూది అని అడిగారు. కాగితం మీద కలం కదులుతున్న చప్పుడు వినిపించింది. "ఒక బొట్టు మిగిలితే… ఊఁ. సరిపోతోంది," అన్నారు. ఇంకాసేపటికి, "నువ్వు నింపేటప్పుడు నేను ఒక్కసారైనా పక్కన నిలబడి చూసి ఉండాల్సింది," అన్నారు. చివరికి, "ఆయన ఫోన్ నంబరు నా దగ్గర లేదు. నీ దగ్గర ఉందా?" అని అడిగారు. పదకొండేళ్ళు తన దగ్గర పనిచేసిన మనిషి నంబరు. పంపిస్తానన్నాను, రేపు నేను కలిసి వచ్చాకే ఫోన్ చేయమన్నాను.

హైదరాబాదుకు తిరిగి వెళ్ళాక పొడి సిరంజితో నింపి కొలిస్తే, బంధాలు అందరూ చెప్పిన వేగంతోనే తిరిగాయి. ప్రపంచానికి నేను కొత్తగా చెప్పిందేమీ లేదు. థీసిస్ మాత్రం నిలబడింది.

ఫోన్ చేసిన మర్నాడు గద్వాల నుంచి వనపర్తి, అక్కడి నుంచి నాగర్‌కర్నూల్ బస్సు. అమ్మ పెట్టెలోని చీర కట్టుకుంది. సంచిలో ఇన్ని పల్లికాయలు పోసుకుంది, ఉత్త చేతులతో పోవద్దని. దారిలో ఎండ గురించి చెప్పినంత మామూలుగా, "మనల్ని బయట అరుగు మీదనే కూసోబెడ్తరు కావచ్చు. నువ్వేం మనసుల పెట్టుకోకు," అంది. నేను కిటికీ వైపు తిరిగాను.

కాక ఇంటి ముందు డ్రిప్పు పైపు సరిచేసుకుంటున్నాడు. నన్ను చూసి తడబడి, "మేడం," అన్నాడు. అమ్మను చూశాక, "రా బిడ్డా, రాండ్రి లోపటికి," అని పైపు పక్కన పడేశాడు. ఆయన భార్య లోపల కుర్చీలు వేసింది. అమ్మ కుర్చీలో కూర్చోలేదు, కింద కూర్చుంది. ఆమె ఒకసారి చూసి, తనూ వచ్చి అమ్మ పక్కనే కింద కూర్చుంది.

మా దగ్గర ఇంటికెవరొచ్చినా ముందు నీళ్ళు, తర్వాతే మాట. ఆమె లేవబోతుంటే నేను ఆపాను. నేను చెప్పేది విన్నాక ఇవ్వాలనిపిస్తే ఇవ్వమన్నాను. చెప్పాను. సిరంజి, బొట్టు, పరీక్షలు, సార్ అడిగినప్పుడు నేను పలికిన మాట, అన్నీ.

కాక విని, చాలాసేపు నా చేతుల వంక చూశాడు. "కడుగుతుంటివి గద. నేను రోజు సూసిన," అన్నాడు.

"సూసిండ్రా? మరి చెప్పకపోతిరి?"

"ఏమని చెప్త బిడ్డా? మా ఇంట్ల కడిగినట్టే కడుగుతుంది, పద్ధతి గల పిల్ల అనుకున్న. కడుగుడు తప్పెట్లయితది?" అని నవ్వాడు. "మన దిక్కోళ్ళం గాకుండ వేరేటోళ్ళు ఒక్కలున్నా పట్టుకుందురు."

నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "నేను మూత గట్టిగ పెట్టిన్నని నాకు తెల్సు," అన్నాడు. "కాని గంత పెద్ద సారు రెండుసార్లు చెప్పేటాళ్ళకు నాకే అనుమానమొచ్చింది. ఇంటికొచ్చినంక గిట్లనే అయితుంది. మోటరు బంద్ చేసి సగం దూరమొస్త. బంద్ చేసిన్నా లేదా అని మల్ల ఎనుకకు పోయి సూస్త. బందే ఉంటది. నా చెయ్యి మీద నాకే నమ్మకం పోయింది బిడ్డా."

నేను ఏడ్చాను. ఉద్యోగం సంగతి ఒక కాగితంతో సర్దుకుంటుందని అనుకుంటూ వచ్చాను. ఇది ఏ కాగితంతో సర్దాలో తెలియలేదు. తప్పయింది కాకా అన్నాను.

"అయిందేదో అయింది. ఏడ్వకు," అని భార్య వైపు చూశాడు. ఆమె లేచి చెంబు తెచ్చింది. ఆరి మెరుస్తున్న చెంబు. గడప దగ్గర, అమ్మకు కనపడేటట్టు నిలబడి, ఇన్ని నీళ్ళు పోసి, తిప్పి, పారబోసింది. మళ్ళీ ఒకసారి. తర్వాత నింపుకుని అమ్మ దగ్గరికి వచ్చింది. అప్పటికే అమ్మ చేతులు రెండూ దోసిలి పట్టి ముందుకు వచ్చి ఉన్నాయి. అమ్మకు తెలిసి పట్టినట్టు లేదు.

"చెంబు పట్టుకో అక్కా," అని ఆమె ఆ దోసిట్లో చెంబు పెట్టింది.

అమ్మ తాగింది. తాగి, చెంబు కడిగి ఇద్దామని లేవబోతే ఆమె అందుకుని, ఉండనియ్యమంది. పల్లికాయలు చేటలో పోసుకుని ఇద్దరూ వానల గురించి, పత్తి గురించి మాట్లాడుకున్నారు. నేనూ నీళ్ళు తాగాను.

తిరుగు బస్సు బిజినేపల్లి దాటింది. అప్పుడు అమ్మ, "నాకు ఇయ్యనీకి ఆమె కడిగింది. సూసినవా?" అంది. చూసిన అన్నాను. వనపర్తి వచ్చేలోపు ఇంకో రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ చూసిన అనే చెప్పాను.

సార్ ఫోన్ చేశారు, కాగితం మీద సంతకమైంది, సోమవారం పొద్దున ఆరింటికి కాక లేజర్ గదిలో ఉన్నాడు. సిలిండర్లు చూసుకున్నాడు. భారజలం సీసా తీసి, చిన్న సీసాలోకి పోసి, బట్ట చుట్టి మూత బిగించాడు. బీరువాలో పెట్టకుండా నా దగ్గరికి తెచ్చాడు.

"జర సూడు బిడ్డా. గట్టిగున్నదా?"

చూసి, గట్టిగ ఉన్నది కాకా అన్నాను. మర్నాడూ తెచ్చాడు. నేను అక్కడ ఉన్న మిగతా రెండేళ్ళూ రోజూ తెచ్చి చూపించాడు. అక్కరలేదు కాకా అని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ప్రతిరోజూ నేను మూత పట్టుకుని తిప్పి చూసేదాన్ని. ఒక్కనాడూ వదులుగా లేదు.